తడి లేని నేల

బతూమి ఓడరేవు వెనక రాత్రి బడి.
పదకొండు మంది పెద్దవాళ్ళు, పదకొండు కాగితాలు.
ప్రశ్న ఇరవై రెండేళ్ళుగా నేనడుగుతున్నదే:
నవలలో వడ్డీ వ్యాపారి వార్దెన్ స్వభావాన్ని వివరించండి.
జవాబూ నాకు తెలుసు.
మోచేతి కింద పచ్చ అట్ట గైడులో ఉంది,
అందులో సగం నేను రాసిందే.

లోభి.
ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు.
చచ్చినవాడి బాకీ కింద
వాడి పెళ్ళాం చేతిలోని పలుపు లాక్కుని
ఆవును తోలుకుపోయినవాడు.
ఉదాహరణకు, చక్కెర డబ్బాకు తాళం.
చివరి అధ్యాయంలో పశ్చాత్తాపం, రెండు మార్కులు.

తొమ్మిది మంది లోభి అనే రాశారు.
టాక్సీ నడిపే గూచా మాత్రం
"అచ్చం మా మామగారే" అని రాసి ఊరుకున్నాడు.
సగం మార్కులు వేశాను.
వాళ్ళ మామగారిని నేనెరుగుదును.

పదకొండోది నతేలాది.
చేపల ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించి
చేతులకు ఉప్పు వాసనతోనే వస్తుంది క్లాసుకి.
అక్షరాలూ మూతల్లాగే నొక్కి పెడుతుంది,
కాగితం వెనక తడిమి చదవొచ్చు.

"వార్దెన్ వసూలుకు వెళ్ళినప్పుడు
గుమ్మం బయటే బూట్లు విప్పాడు.
ఆవిడ అప్పుడే నేల తుడుచుకుంది.
అప్పిచ్చినవాడిగానే లోపలికి వెళ్ళాడు,
కానీ మేజోళ్ళతో వెళ్ళాడు.
అతని గురించి నాకు ఇంతకన్నా తెలియదు."

ఎర్ర పెన్ను మూత తీశాను.
ఏ బూట్లు?
ఆ నవల నాకు కంఠతా.
అయినా నూట పన్నెండో పేజీ తీశాను.
తలుపు తట్టడం ఉంది, లెక్కల పుస్తకం ఉంది,
పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడకడం ఉంది.
బూట్లు లేవు.
బీరువాలోంచి పాత ముద్రణ దించాను.
అందులోనూ లేవు.
'మూలంలో లేదు' అని అంచున రాసి
సున్నా చుట్టబోయి
ఎందుకో సగంలో ఆగాను.

మర్నాడు అడిగితే
నతేలా కోటు విప్పకుండానే నిలబడింది.
"నూట పదకొండులో వాన కదండీ టీచర్.
గుర్రం దిగి సందంతా నడిచాడు, చీలమండల దాకా బురద.
పేజీ తిప్పితే
దీపం నీడ కనబడేంత శుభ్రంగా ఉంది నేల.
అతను పోయాక ఆవిడ కూర్చుని ఏడ్చిందే గానీ
గుడ్డ పట్టుకోలేదు.
మరి ఆ బురదంతా ఏమైందంటారు?"

ఏమైంది?
ఇరవై రెండేళ్ళుగా ఆ కాగితం తిప్పుతూనే ఉన్నాను,
వేలు తడి చేసుకుని మరీ.

"రచయిత మరిచిపోయాడేమో" అన్నాను.
"అయ్యుండొచ్చు" అంది.
"మా అమ్మ కస్టమ్స్ ఆఫీసులో నేల తుడిచేది.
ఎవరు ఎలాంటివాళ్ళో
వాళ్ళు వెళ్ళాక చెప్పేది."

"అయితే మంచివాడంటావా?"
"అలా రాయలేదే.
ఆవును తోలుకుపోయాడుగా.
బూట్లు వేసుకుని మళ్ళీ, తోలుకుపోయాడు."
వెనక బెంచీలో గూచా నవ్వాడు,
కాసేపటికి మానేశాడు.

అందరూ వెళ్ళాక గైడు తెరిచి
లోభి అన్న మాట కొట్టేద్దామనుకున్నాను.
కొట్టేయలేదు. లోభే కదా.
పక్కన ఇంకేదో రాయాలి,
ఆ మాట నాకు రావడం లేదు.
అంచున సగం సున్నా అలాగే ఉంది.
తోక ఇటు లాగితే ఆరు,
అటు లాగితే తొమ్మిది.

బయట వాన పట్టుకుంది.
వరండాలో బకెట్టు చప్పుడు,
ఎతేరి గదులు తుడుచుకుంటూ వస్తోంది.
మూడో గది, నాలుగో గది.
కుర్చీ వెనక్కి జరిపి
నా కాళ్ళ కింద నేల ఎలా ఉందో
వంగి చూసుకున్నాను.